కత్తెర పెట్టని జడ

మా పాస్టర్ గారు సాక్ష్యం చెప్పమన్నారు. "దేవుడు మీకు చేసిన మేలు సంఘం వినాలి కదా సిస్టర్, ఐదు నిమిషాలు చాలు" అన్నారు. ఆయన మిషిగన్‌లో, ట్రాయ్ దగ్గర తెలుగు సంఘం నడుపుతారు. మేముండే సౌత్ డకోటాలో తెలుగు చర్చి లేదు కాబట్టి ఆదివారం పూట జూమ్‌లో ఆయన ఆరాధనకే కూర్చుంటాం. సరేనన్నాను గానీ నేను విన్న సాక్ష్యాలన్నీ ఒకే దారిన నడుస్తాయి: జబ్బొచ్చింది, ప్రార్థించాం, తగ్గింది, హల్లెలూయ. నాకు తగ్గిన మాట నిజమే. కానీ నా జబ్బులో ఇంకొకావిడ కూడా ఉంది. ఆవిణ్ణి వదిలేసి చెబితే అది సాక్ష్యం కాదు, అబద్ధం. ఐదు నిమిషాల్లో ఆవిడ పట్టదు. అందుకని ముందు ఇలా రాసుకుంటున్నాను.

నా పేరు సుగుణ. మాది నర్సాపురం దగ్గర. ర్యాపిడ్ సిటీలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన ప్రభాకర్ ఇంట్లోనే కూర్చుని ఎక్కడో ఆష్‌బర్న్‌లో ఉన్న కంపెనీకి పనిచేస్తారు. పిల్లలు లేరు. ఇంతకు మించి నా గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు, రొమ్ములో గడ్డ తప్ప.

సెప్టెంబర్

స్నానం చేస్తుంటే చేతికి తగిలింది, అన్నంలో రాయి తగిలినట్టు. ఏదోలే అనుకుని స్కూలు పనుల్లో పడి కొన్నాళ్ళు వదిలేశాను. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా అలా వదిలేసి ఉంటే దీన్ని పక్కన పెట్టి ముందు డాక్టరుకి ఫోన్ చేయండి. తర్వాత చదవొచ్చు.

డాక్టరు చెప్పినదాంట్లో సగం నా చెవికి ఎక్కలేదు. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ అని మాత్రం అర్థమైంది. ఇంటికొచ్చాక మొదటి గొడవ మా అక్క గురించి. అక్క అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో ఉంటుంది.

"ఇప్పుడే చెప్పకు సుగుణా. మీ అక్కకి చెబితే సాయంత్రానికి అట్లాంటాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ప్రేయర్ రిక్వెస్ట్ వెళ్ళిపోద్ది. ట్రీట్‌మెంట్ కంప్లీట్ అయ్యాక చెబుదాం."

"అయ్యాక చెప్పడానికి నేనుండాలి కదండీ."

ఆయన లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. భయమేస్తే నా నోటికి పట్టపగ్గాలుండవు, ఆయనకు నోరే ఉండదు. ఆ నెలంతా మా ఇల్లు అలాగే నడిచింది.

జుట్టు రాలడం మొదలవగానే ఆయన చేతే ట్రిమ్మర్‌తో గీయించేసుకున్నాను. అద్దంలో చూసుకుని "అచ్చం మా తమ్ముడిలా ఉన్నానండీ" అని నవ్వాను. ఆయన ఏడ్చారు. కింద పడిన జుట్టంతా ఊడ్చి చెత్తసంచిలో వేసి మూతి కట్టేశాం.

నవంబర్

మందు ఎక్కించే గదిలో కిటికీ పక్కన వాలుకుర్చీలు వరసగా ఉంటాయి. చలేస్తోందంటే వేడి చేసిన దుప్పటి తెచ్చి పాదాల చుట్టూ దోపే నర్సు ఒకావిడ ఉండేది. నా గుండె దడ తగ్గించింది మందులకంటే ఆ దుప్పటే. ఒకరోజు నా పక్క కుర్చీలోకి కొత్తావిడ వచ్చింది. అరవైకి దగ్గర వయసు, పెద్ద పెద్ద చేతులు, నడుం కిందికి దిగిన జడ. సగం నలుపు, సగం తెలుపు. నా గుండు మీద ఊలు టోపీ సర్దుకుంటూ ఆ జడను కుళ్ళుగా చూశాను.

మధ్యాహ్నం సూపు పంచే ముసలావిడ ఒక గిన్నె పట్టుకొచ్చి, "ఇండియన్ లేడీకి మాంసం లేని సూపు. ఎవరు?" అంది. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"నేను కాదు" అంది పక్కావిడ.

"నేనూ కాదు. నేను గొడ్డుమాంసం కూడా తింటాను" అన్నాను.

"నేను అడవిదున్నని తింటాను. ఆ సూపు కొలంబస్‌కి పంపించండి, తప్పంతా అతనిది."

చాలా రోజుల తర్వాత కడుపు పట్టుకుని నవ్వాను. ఆవిడ పేరు డార్లీన్. లకోటా మనిషి, అమెరికా ఆదివాసుల్లో ఒక తెగ, వాళ్ళనూ ఇక్కడ ఇండియన్లనే అంటారు. ఆ కిటికీలోంచి కనబడే నల్లటి కొండలన్నీ ఒకప్పుడు వాళ్ళవి. రిజర్వేషన్‌లో ఉంటానని చెప్పింది. మనవాళ్ళకు ఆ మాట వినగానే సీట్లూ ఉద్యోగాలూ గుర్తొస్తాయి. ఇక్కడ అది భూమి. ఉన్నదంతా లాక్కుని, ఇక్కడ బతకండని గీత గీసి వదిలిన నేల. అక్కడి నుంచి ఆస్పత్రికి రెండు గంటల దారి. స్కూల్లో వంట చేసేది. చెల్లెలు లొరెట్టా పికప్ ట్రక్కులో తీసుకొచ్చేది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నది మాత్రం తెలుగులోనే ఉంది, అలాగే రాస్తున్నాను.

తర్వాతిసారి వచ్చినప్పుడు వెయిటింగ్ రూమ్‌లో డార్లీన్ వణుకుతోంది. నాకు తెలిసిన ఓదార్పు ఒక్కటే. మా సంఘాల్లో ఎవరైనా జబ్బుగా ఉంటే అడగం కూడా అడగం, తలమీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టేస్తాం. నేనూ అదే చేశాను. "ప్రభువా" అన్నానో లేదో, ఆవిడ నా మణికట్టు పట్టుకుని చేతిని తీసి నా ఒళ్ళో పెట్టింది. గట్టిగా పట్టుకుంది, నొప్పి పుట్టింది.

"చిన్నప్పుడు చర్చి వాళ్ళ హాస్టల్ స్కూల్లో వేశారు నన్ను. నా తలమీద అలా చెయ్యి పెట్టింది ఒక నన్. రెండో చేతిలో కత్తెర ఉంది" అంది.

నా మెడలో సిలువ ఉంది. దాన్ని తియ్యాలో, దాచాలో, అలాగే ఉంచాలో తెలియక చున్నీ లాక్కున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. సారీ చెబితే, "దేవుడితో ఎంతైనా మాట్లాడుకో సుగుణా. నా తలని మధ్యలోకి తేవద్దు" అంది. అప్పటినుంచి ఆవిడ కోసం చేసే ప్రార్థనలన్నీ చేతులు నా ఒళ్ళో పెట్టుకునే చేశాను.

డిసెంబర్

వాళ్ళ ట్రక్కు వెనక అద్దానికి ఒక పోస్టర్ అతికించి ఉండేది. ఒకమ్మాయి ఫొటో, కింద ఫోన్ నంబరు. ఎవరని నేను అడగలేదు, అడక్కుండానే తెలిసింది. డార్లీన్ కూతురు టెస్. అంతకు ముందు చలికాలంలో గ్యాస్ స్టేషన్‌లో పని ముగించుకుని ఇంటికి బయల్దేరింది. కారు రోడ్డు పక్కన దొరికింది. టెస్ దొరకలేదు. కారు దొరికిన చోటు ఒక పోలీసులదట, మనిషి ఊరు ఇంకో పోలీసులదట. ఒకరు ఇంకొకరి మీదికి నెట్టుకుంటూ కూర్చున్నారు. వెతికింది డార్లీన్, లొరెట్టా, వాళ్ళ చుట్టాలు.

ఆస్పత్రి బోర్డు మీద కూడా ఒక పోస్టర్ పెట్టింది డార్లీన్. యోగా క్లాసుల కాగితాల కోసం ఎవరో దాన్ని తీసేసేవారు. మళ్ళీ పెట్టేది. తర్వాత ఆ పని నేను తీసుకున్నాను. లెక్కల టీచర్ని, నా పర్సులో ఎప్పుడూ పిన్నులుంటాయి.

ఆ నెలలో ఒక ఉదయం వెళ్ళేసరికి డార్లీన్ కోటు విప్పకుండా వెయిటింగ్ రూమ్‌లో నిలబడి ఉంది. లొరెట్టా చేతిలో ఒక దిండు గలీబు.

"వెళ్ళిపోతానంటోంది. మందు ఇక వద్దంటోంది" అంది లొరెట్టా.

డార్లీన్ తలగుడ్డ తీసింది. జడ సగానికి సగం సన్నబడింది. చెవుల పైన చర్మం కనబడుతోంది. నేను హమ్మయ్య అనుకున్నాను, ఇంకేదో ఘోరం అనుకుని భయపడ్డాను కదా.

"దీనికేనా? గీయించేసుకో డార్లీన్. నాకు మా ఆయన గీసేశారు. ఒక్కరోజు ఏడుపొస్తుంది, తర్వాత ప్రాణానికి హాయి" అన్నాను.

లొరెట్టా నన్ను కొట్టేలా చూసింది. డార్లీన్ మాత్రం కోప్పడలేదు.

"మాలో జుట్టు ఎప్పుడు కోసుకుంటామో తెలుసా నీకు? మనిషి చచ్చిపోతే. టెస్ చచ్చిపోలేదు, కనబడటం లేదు. రేపు నేను బోడితలతో ఊళ్ళోకి వెళితే ఏమనుకుంటారు? డార్లీన్ ఒప్పేసుకుంది అనుకుంటారు. జబ్బు అని చెప్పినా సరే, కళ్ళు చూసేది తలనే. ఆ తర్వాత నాతో వెతకడానికి ఎవరొస్తారు?"

"నువ్వు మందు మానేస్తే టెస్ వచ్చేసరికి నువ్వే ఉండవు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. కానీ అది నిజం. మా ముగ్గురికీ తెలిసిన నిజం. వెయిటింగ్ రూమ్‌లో ఎవరి పేరో పిలిచారు, ఎవరో లేచి వెళ్ళారు. నాకు డార్లీన్ మీద కోపం, నా మీద కోపం, ఆ పేర్లు పిలిచే అమ్మాయి మీద కూడా కోపం.

"అందులో ఏముంది?" అన్నాను లొరెట్టా చేతిలోని గలీబు చూపించి.

"రాలిన జుట్టు. మేం పారెయ్యం."

నాకు మా అమ్మమ్మ కళ్ళముందుకొచ్చింది. పొద్దున్నే వీధరుగు మీద కూర్చుని తల దువ్వుకుని, దువ్వెనలో మిగిలిన వెంట్రుకల్ని వేలికి చుట్టి గోడ కన్నంలో దోపేది. చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాడు వీధిలోకొస్తే అందరూ ఎగబడేవారు, అమ్మమ్మ మాత్రం ఇచ్చేది కాదు. పోగయ్యాక సవరం కట్టుకునేది. కట్టడం నాకూ నేర్పింది. మా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ లేసు అల్లిక వచ్చు, దారం పట్టడం మాకు పుట్టుకతో వచ్చినట్టే.

"డార్లీన్, ఇది కోసిన జుట్టు కాదు కదా. దానంతటదే రాలింది. రాలిందంతా దాచి నాకివ్వు. మళ్ళీ జడ కట్టి ఇస్తాను. వెనకనుంచి చూసినవాళ్ళకు నీ జడ నీ వీపు మీదే ఉంటుంది. ఎవరూ కత్తెర పెట్టరు" అన్నాను.

అక్కాచెల్లెళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. లొరెట్టా బయటికెళ్ళి ఎవరో పెద్దావిడకు ఫోన్ చేసి వచ్చింది. ఆవిడ ఏమన్నదో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. డార్లీన్ కోటు విప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచి, నర్సుకోసం చూస్తూ కూర్చుంది.

ఫిబ్రవరి

కూర్చున్నచోట ఒక మాట అనెయ్యడం తేలికే. అప్పటికి నాకు మందు మార్చారు, దానివల్ల వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే తంటాలు పడేదాన్ని. గలీబు నిండా ఉండలు కట్టిన జుట్టు. నానబెట్టి, నూనె రాసి, పిన్నుతో చివర్ల నుంచి ఒక్కో పోగూ విడదియ్యాలి. మొదళ్ళన్నీ ఒకవైపు రావాలి. పొడుగు పొడుగు, పొట్టి పొట్టి వేరు చెయ్యాలి. మొదటిరోజు పట్టు జారిపోయి అంతా మళ్ళీ కలిసిపోతే టేబుల్ మీద తలపెట్టుకుని ఏడ్చాను.

మా ఆయన ఆఫీస్ కాల్‌లో ఉన్నారు. హెడ్‌ఫోన్స్ తీసేసి వచ్చారు.

"ఏం పట్టుకోవాలో చెప్పు."

"మీ వల్ల కాదండీ."

"నీ వేళ్ళు పని చెయ్యట్లేదు, నావి చేస్తున్నాయి. నువ్వు చెప్పు, నేను పట్టుకుంటా."

అలా సెప్టెంబర్ నుంచి సరిగ్గా మాట్లాడుకోని మేమిద్దరం, ముక్కూ మొహం తెలియని అమ్మాయి కోసం, వాళ్ళమ్మ జుట్టు చెరో కొసా పట్టుకుని కూర్చున్నాం. పాయలు ఆయన బిగించి పట్టుకుంటే, నర్సాపురం నుంచి తెచ్చుకున్న లేసు దారంతో మొదళ్ళు నేను చుట్టేదాన్ని. ఒకరోజు ఆయనే, "మీ అక్కకి చెప్పెయ్ సుగుణా. అట్లాంటా అంతా ప్రేయర్ చేస్తే మాత్రం మనకేంటి నష్టం" అన్నారు. ఫోన్ చేశాను. అక్క తిట్టి, ఏడ్చి, వారం తిరక్కుండా వచ్చి ఫ్రీజర్ నిండా పప్పూ చారూ చేసిపెట్టి వెళ్ళింది.

ఆ జుట్టు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉండేది. గదిలోకి వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగేదాన్ని, ఎందుకో తెలియదు. సూపర్ మార్కెట్లో పొడుగు జుట్టున్న అమ్మాయి కనబడితే బండి తోసుకుంటూ వెంట పడేదాన్ని. వెనక్కి తిరిగేది, టెస్ కాదు. నా బిడ్డ కాదు, నేనెప్పుడూ చూసిన పిల్ల కాదు, అయినా ప్రతిసారీ బండి అక్కడే వదిలేసేదాన్ని. తిరిగొచ్చి కార్లో కూర్చుని, రోజూ ఇలా వెంటపడే తల్లి ఎలా బతుకుతోందా అనుకునేదాన్ని.

మే

నా ఆపరేషనూ రేడియేషనూ అయ్యాయి. డార్లీన్‌కి మంచు కరగడం ఒక్కటే ముఖ్యం. కరిగితే వాగుల వెంట వెతకొచ్చు. నన్నూ రమ్మంది. ఎక్కువ నడవలేను, ట్రక్కు దగ్గర కూర్చుని నీళ్ళసీసాలు అందిస్తానని వెళ్ళాను.

సవరాన్ని ఆవిడ తలగుడ్డ లోపలి అంచుకి కుట్టి ఇచ్చాను. చుట్టాలు ఇరవైమంది దాకా వచ్చారు. ఆవిడ వెనక్కి తిరిగి నడుస్తుంటే గాలికి ఆ జడ కదిలింది. కర్రలతో గడ్డి తొలగించుకుంటూ వాళ్ళంతా ఆ జడ వెనకే వాగు వైపు దిగారు. ఎవరూ ఆగిపోలేదు. నేను ట్రక్కులో కూర్చుని చూస్తున్నాను. ఏదైనా దొరకాలని ప్రార్థించాలో, ఏమీ దొరక్కూడదని ప్రార్థించాలో అర్థం కాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను.

సాయంత్రానికి ఒక చెప్పు దొరికింది. టెస్‌ది కాదు.

మరుసటి ఏడాది, ఆగస్టు

నా స్కాన్ శుభ్రంగా వచ్చింది. డార్లీన్‌ది అలా రాలేదు. ఒకే గదిలో, ఒకే రకం కుర్చీల్లో కూర్చున్నాం. నాకెందుకు ఇలా, ఆవిడకెందుకు అలా అని దేవుణ్ణి అడిగాను, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. పాస్టర్ గారు ఆయన చిత్తం అంటారు. నాకు ఆ జవాబు సరిపోలేదు.

లొరెట్టా చేత ట్రక్కు తోలించుకుని డార్లీన్ మా ఇంటికొచ్చింది. మెట్లెక్కలేకపోతే మా ఆయన పట్టుకుని తీసుకొచ్చారు. ఎర్ర గుడ్డలో చుట్టిన సవరం నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచు. టెస్ నడిచి వస్తే తనకివ్వు. అలా కాకుండా దొరికితే..." ఆగి ఊపిరి తీసుకుంది. "అప్పుడు కొయ్యి. నా బదులు."

"నేనెందుకు డార్లీన్? లొరెట్టా ఉంది కదా."

"లొరెట్టా నాకోసం ఏడుస్తూ ఆ ఊపులో ఇది కూడా కోసేస్తుంది. అది మెత్తని మనిషి. నువ్వు మొండిదానివి."

లొరెట్టా కాదనలేదు. వెళ్ళేటప్పుడు డార్లీన్ తలుపు దగ్గర ఆగి, నా చెయ్యి తీసుకుని తన తలమీద పెట్టుకుంది. కొత్తగా మొలిచిన జుట్టు, పసిపిల్లల తలలా మెత్తగా ఉంది. నేను ప్రార్థన ఏమీ చెయ్యలేదు. చేస్తే ఏడుస్తానని భయం వేసింది.

తర్వాతి నెలలో పోయింది. రిజర్వేషన్‌లో ఒక హాల్లో ఉంచారు. లొరెట్టా అక్కడే తన జుట్టు మెడ దగ్గరికి కోసుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి, కత్తెర పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఆ జడని కూడా కోసి అక్కతో పంపించేద్దాం సుగుణా. ఇంకెన్నాళ్ళు? నాకు ఓపిక లేదు."

ఆవిడ మొహం చూస్తే ఇచ్చెయ్యాలనిపించింది. ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? అయినా రెండు చేతులతో జడ ఉన్న సంచిని కడుపుకి అదుముకున్నాను.

"టెస్ దొరకలేదు లొరెట్టా" అన్నాను.

లొరెట్టా అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు

అక్టోబర్ వచ్చింది. సాక్ష్యం వచ్చే ఆదివారం. తగ్గిందని చెబుతాను, దేవుడికి స్తోత్రం కూడా చెబుతాను. మిగిలిన టైములో టెస్ పేరు చెప్పి, ఆ అమ్మాయి కోసం ప్రార్థించమని అడుగుతాను. పాస్టర్ గారు మ్యూట్ చేస్తే చేసుకోనీ.

జడ మా బీరువాలో ఉంది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక తీసి, కొబ్బరినూనె రాసి, దువ్వి, మళ్ళీ అల్లి పెడతాను. మొన్న ఆ పనిలో ఉంటే మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు.

"డార్లీన్ లేరు కదా సుగుణా. ఇంకా నూనె దేనికి?" అన్నారు మెత్తగా.

"టెస్ వచ్చేసరికి చిక్కుపడి ఉండకూడదు కదండీ."

అప్పుడే ఫోన్ మోగింది. లొరెట్టా పేరు. లొరెట్టా ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. నా చేతులు జడ మీదే ఆగిపోయాయి. కత్తెర వంటింటి సొరుగులో ఉందన్న సంగతి ఎవరో చెవిలో చెప్పినట్టు గుర్తొచ్చింది. నా వేళ్ళకు నూనె, ఫోన్ పట్టుకోలేనని ఆయనే ఎత్తి స్పీకర్‌లో పెట్టారు.

"సుగుణా, మంచు పడేలోగా పోస్టర్లు మార్చాలి. ఎండకి టెస్ మొహం మొత్తం వెలిసిపోయింది. ప్రింట్ చేయించగలవా?"

"చేయిస్తాను" అన్నాను.

"జడ ఎలా ఉంది?"

"అలాగే ఉంది."

"సరే" అంది లొరెట్టా. ఫోన్ పెట్టేశాక నూనె గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కుని, చివర్ల నుంచి దువ్వడం మొదలుపెట్టాను.